డ్రాయింగు చదవడం రాని టర్నరు ఆటోక్యాడ్‌లో చేరవచ్చా?

ప్రశ్న: అయ్యా, నాకు 26 ఏళ్లు. ఐ.టి.ఐ.లో టర్నర్ ట్రేడు పూర్తిచేసి ఆరేళ్లుగా విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేతు (లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) షాపులో పనిచేస్తున్నాను. మా దగ్గరకు వచ్చేవారు అరిగిన ముక్కో విరిగిన ముక్కో తెచ్చి ఇస్తారు, దాన్ని చూసి నేను కొత్తది చేసి ఇస్తాను. పనిలో నాకు మంచి పేరే ఉంది. ఈ మధ్య మల్లవల్లి వైపు ఒక సి.ఎన్.సి. (కంప్యూటరు ఆదేశాలతో నడిచే యంత్రాల) యూనిట్‌లో ఉద్యోగానికి వెళ్తే, ఒక పెద్ద డ్రాయింగు కాగితం చేతికిచ్చి, ఫలానా రంధ్రం ఎంత లోతు, ఏ వైపు నుంచి వేయాలి, ఎంత తేడా వస్తే ఒప్పుకుంటారు అని అడిగారు. చెప్పలేకపోయాను. ఐ.టి.ఐ.లో డ్రాయింగు పరీక్షను బట్టీపట్టి గట్టెక్కిన మాట నిజం. ఇప్పుడు బెంజి సర్కిల్ దగ్గర ఒక కంప్యూటర్ సెంటరు వారు మూడు నెలల్లో ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ అనే డ్రాయింగు ప్రోగ్రాములు నేర్పి సర్టిఫికెట్ ఇస్తామని 28,000 రూపాయలు అడుగుతున్నారు. చేరమంటారా? నేను తెలుగు మీడియంలో చదివాను, ఇంగ్లీషు అంతంత మాత్రం. మా షాపు యజమాని ‘ఈ వయసులో బొమ్మలేం గీస్తావురా’ అంటున్నారు.
— ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

సమాధానం: చేరండి, కానీ ఇప్పుడే చేరవద్దు. ఆ 28,000 రూపాయలను మూడు నెలలు బ్యాంకులోనే ఉంచి, ఈలోగా నేను కింద చెప్పబోయే పనిని పెన్సిలుతో, కాగితంతో, మీ దగ్గర ఇప్పటికే ఉన్న వెర్నియరు కొలపరికరంతో చేయండి. మల్లవల్లిలో మిమ్మల్ని ఎవరూ కంప్యూటరు ముందు కూర్చోబెట్టి గీత గీయమనలేదు. కాగితం మీద ఉన్న గీతలను చూసి వస్తువును మనసులో నిలబెట్టగలరా అని మాత్రమే అడిగారు. ఆ శక్తి ఆటోక్యాడ్ వల్ల రాదు. అది ఉన్నవాడి చేతిలో ఆటోక్యాడ్ వేగంగా పనిచేస్తుంది, అది లేనివాడి చేతిలో తప్పులను కూడా అందంగా, అచ్చువేసినట్టు చూపిస్తుంది.

మీ ఆరేళ్ల అనుభవాన్ని మీరు తక్కువగా అంచనా వేసుకుంటున్నారని ఉత్తరం చదివితే అనిపించింది. లోహం ఎలా తెగుతుందో, ముక్కను బిగించే చక్‌లో ఏది పట్టుకుంటే ఏది ఊగుతుందో, బోరు లోపల టూలు ఎందుకు అదురుతుందో మీకు తెలుసు. డ్రాయింగు హాలులో కూర్చునే చాలామందికి తెలియనిదే అది. మీకు లేనిదల్లా ఒక్కటే. శాంపిల్ ముక్క అనేది ఆ వస్తువు వాడకంలో చివరికి ఎలా తయారైందో చెబుతుంది, డ్రాయింగు అనేది ఆ వస్తువు మొదట ఎలా ఉండాలో, ఆ కొలత నుంచి ఎంత పక్కకు పోయినా పరవాలేదో చెబుతుంది. ఈ రెండింటి మధ్య దూరం మీకు కంటికి కనబడటం మొదలైతే డ్రాయింగు చదవడం సగం వచ్చినట్టే. అందుకు మీ షాపుకు మించిన పాఠశాల లేదు, ఎందుకంటే అక్కడికి రోజూ అరిగిన ముక్కలు వస్తూనే ఉంటాయి.

కాబట్టి చదవడం కంటే ముందు గీయడం మొదలుపెట్టండి. గీతలు లేని ఎ4 నోటుపుస్తకం ఒకటి, హెచ్.బి. పెన్సిలు ఒకటి, 2హెచ్ పెన్సిలు ఒకటి, రబ్బరు ఒకటి చాలు. స్కేలు, కంపాసు వాడవద్దు. చేతితో, స్కేలు పెట్టి కొలవకుండా, నిష్పత్తి మాత్రం తప్పకుండా గీసే బొమ్మను ఫ్రీహ్యాండ్ స్కెచ్ అంటారు, షాపులో నిలబడి పనిచేసేవాడికి దాని అవసరమే ఎక్కువ. ఒక నియమం పెట్టుకోండి: ఈ రోజు నుంచి మీ చేతికి వచ్చిన ఏ ముక్కనైనా చక్‌కు ఎక్కించే ముందు స్కెచ్ గీయాలి, ఆ తర్వాత ముక్కను పక్కన పెట్టేసి స్కెచ్‌ను మాత్రమే చూస్తూ పని చేయాలి. మధ్యలో ముక్క వైపు తిరిగి చూడవలసి వచ్చిందంటే, మీ స్కెచ్‌లో ఏదో రాయడం మరిచారన్న మాట. ఏది మరిచారో ఎర్ర ఇంకుతో పక్కన రాసుకోండి. పదిహేను రోజులయ్యాక ఆ ఎర్ర అక్షరాలు చదివితే మీ బలహీనత ఏమిటో ఏ మాస్టారూ చెప్పనంత స్పష్టంగా తెలుస్తుంది.

ఒక ఉదాహరణతో చెబుతాను. గుంటూరు నుంచి ఎవరో కారం మిల్లు షాఫ్టు ఒకటి తెచ్చారనుకుందాం. బేరింగు కూర్చునే చోట మైక్రోమీటరు పెడితే 29.91 వచ్చింది. మీరు ఇంతవరకు చేస్తున్న పద్ధతిలో అయితే పాత బేరింగును తొడిగి చూసి, చేతి అంచనాతో కాస్త బిగుతుగా కొత్త షాఫ్టు తిప్పి ఇస్తారు. స్కెచ్ గీసే మనిషి అలా చేయకూడదు. ముందు బేరింగు మీద చెక్కిన అంకె చదవాలి. అది 6206 అయితే లోపలి వ్యాసం 30, బయటి వ్యాసం 62, మందం 16 మిల్లీమీటర్లని ఏ బేరింగు కేటలాగైనా చెబుతుంది. అంటే షాఫ్టు అసలు కొలత 30 అన్న మాట, మీరు కొలిచిన 29.91 కేవలం అరుగుదల. ఇక షాఫ్టుతో పాటు తిరిగే లోపలి రింగు జారకుండా ఉండాలంటే సాధారణ లోడుకు కె6 అనే ఫిట్టు (రెండు భాగాలు ఎంత బిగుతుగా కూర్చోవాలో చెప్పే గుర్తు) ఇస్తారు, 30 మిల్లీమీటర్లకు దాని అర్థం 30.002 నుంచి 30.015 వరకు. మీ స్కెచ్‌లో ఆ చోట రాయవలసింది ఇది. పుల్లీ కూర్చునే చోట కీవే (పుల్లీ జారకుండా పెట్టే కీ ముక్క కూర్చునే గాడి) ఉంటే, దాని అంచులు దెబ్బతిని 8.3 వెడల్పు కనబడవచ్చు. అయితే 22 దాటి 30 వరకు ఉండే షాఫ్టుకు పట్టికలో ఉన్న కీ 8 వెడల్పు, 7 ఎత్తు, షాఫ్టులో గాడి లోతు 4 మిల్లీమీటర్లు. అరిగిన ముక్క నుంచి అసలు కొలతను ఇలా వెనక్కి తవ్వి తీయడమే మీరు నేర్చుకోవలసిన విద్య, దానికి కంప్యూటరు ఏ విధంగానూ సహాయపడదు.

పొడవుల దగ్గర ఇంకో పొరపాటు అందరూ చేస్తారు. నాలుగు మెట్లున్న షాఫ్టును గీసేటప్పుడు ఒక మెట్టు చివర నుంచి ఇంకో మెట్టు చివరకు గొలుసులాగా 40, 40, 40, 40 అని రాసుకుంటూ పోతారు. ఒక్కొక్క కొలతకు అటూ ఇటూ 0.3 ఒప్పుకుంటే, నాలుగూ ఒకే వైపు తప్పినప్పుడు మొత్తం మీద 1.2 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అదే ఒక ముఖాన్ని ఆధారంగా తీసుకుని అక్కడి నుంచే 40, 80, 120, 160 అని రాస్తే ఏ మెట్టు తప్పు ఆ మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఆ ఆధార ముఖాన్నే డేటమ్ అంటారు. ఏ ముఖాన్ని డేటమ్‌గా ఎంచుకోవాలన్నది గీసేవాడి తెలివిని పట్టిస్తుంది: యంత్రంలో ఏ ముఖం దేనికి ఆనుకుని కూర్చుంటుందో చూసి ఎంచుకోవాలి, చక్‌లో పట్టుకోవడానికి ఏది సులువో చూసి కాదు. బేరింగు భుజం ఆనే ముఖం తెలిసిన మీకు ఇది కష్టం కాకూడదు.

ఇలా ఒక నెల గడిచాక చదవడం మొదలుపెట్టండి. బ్లూప్రింట్ అనే పేరు మనకు ఇంకా మిగిలింది గాని నీలి కాగితాలు ఎప్పుడో పోయాయి. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన ఒక రసాయన పద్ధతిలో కాగితమంతా నీలంగానూ గీతలు తెల్లగానూ వచ్చేవి, ఆ పేరే ఇవాళ వాట్సాప్‌లో వచ్చే ఫొటోకు కూడా అంటుకుంది. ఆ ఫొటోల గురించి ఒక హెచ్చరిక చేయాలి: ఫోను తెర మీద గాని జిరాక్సు మీద గాని స్కేలు పెట్టి కొలత తీయవద్దు. బొమ్మ సాగి ఉండవచ్చు, కుంచించుకుని ఉండవచ్చు. డ్రాయింగు మీద రాసిన అంకె మాత్రమే కొలత. అంకె లేకపోతే పంపినవారిని అడగాలి, అడగడం నామోషీ అనుకోవద్దు.

కాగితం చేతికి రాగానే కళ్లు బొమ్మ మీదికి పోతాయి. అలా పోనివ్వకండి. కింద కుడి మూలన ఉండే టైటిల్ బ్లాకు ముందు చదవాలి. భాగం పేరు, లోహం ఏది, కొలతలు మిల్లీమీటర్లా అంగుళాలా, అంకె పక్కన తేడా రాయని చోట ఏ సాధారణ టాలరెన్సు (ఒప్పుకునే తేడా) వర్తిస్తుంది, ఇది ఎన్నో సవరణ, ఏ ప్రొజెక్షనులో గీశారు (ఏ వైపు నుంచి చూసిన బొమ్మను ఎక్కడ పెట్టారు) — ఇవన్నీ అక్కడే ఉంటాయి. అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అని పిలిచే మన షాపుల్లో కొలతల ప్రమాణం ఏదన్నది పైకి కనిపించేంత చిన్న విషయం కాదు. సవరణ అక్షరం చూడకుండా సొరుగులో దొరికిన పాత ప్రింటుతో వందల ముక్కలు చేసి తలపట్టుకున్నవారిని నేను చూశాను.

ప్రొజెక్షను సంగతి దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే నేను ఒకసారి దెబ్బతిన్నది అక్కడే. కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఒక బ్రాకెట్టు డ్రాయింగు నా చేతికి వచ్చింది. మన దేశంలో భారతీయ ప్రమాణాల ప్రకారం ఫస్ట్ యాంగిల్ వాడతాం, అంటే వస్తువును ఎడమ నుంచి చూసిన బొమ్మను ముందు బొమ్మకు కుడి వైపున గీస్తాం. అమెరికాలో వాడే థర్డ్ యాంగిల్‌లో ఎడమ నుంచి చూసిన బొమ్మ ఎడమ వైపునే ఉంటుంది. ఆ డ్రాయింగు విదేశీ కొనుగోలుదారుది, అది థర్డ్ యాంగిల్. ఆ సంగతి చెప్పే గుర్తు టైటిల్ బ్లాకులో ఉంది గాని, జిరాక్సు తీసినవారు కాగితం అంచును పూర్తిగా పెట్టకపోవడంతో ఆ మూల రాలేదు. నేను అలవాటు కొద్దీ ఫస్ట్ యాంగిల్ అనుకుని, చెవులు కుడి వైపున ఉండేలా పన్నెండు కాస్టింగులు మిల్లింగు చేయించాను. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి, ఉపరితలం నునుపుగా ఉంది, కానీ వస్తువు అద్దంలో చూసినట్టు తలకిందులైంది. ఎడమ కాలి చెప్పు కుట్టి కుడి కాలికి తొడిగించబోయినట్టయింది నా పని. పన్నెండూ తుక్కులోకి పోయాయి. తప్పు జిరాక్సుదని అప్పట్లో వాదించాను, నిజానికి గుర్తు కనబడనప్పుడు అడగకపోవడం నా తప్పు.

ఆ గుర్తు కొన నరికిన శంకువు ఆకారం, దాని పక్కన ఒకదానిలో ఒకటి ఉండే రెండు వలయాలు. దాన్ని గుర్తుపెట్టుకోవడానికి పుస్తకాల్లో రకరకాల చిట్కాలు ఉంటాయి గాని నాకు పనికివచ్చింది ఇది: వలయాలు శంకువు సన్నని కొన వైపున ఉంటే థర్డ్ యాంగిల్, లావు కొన వైపున ఉంటే ఫస్ట్ యాంగిల్. ఎందుకంటే రెండు వలయాలూ నిండు గీతలతో కనబడాలంటే శంకువును సన్నని కొన వైపు నుంచే చూడాలి. చూసిన వైపే బొమ్మ పెడితే థర్డ్, దాటించి అవతల వైపు పెడితే ఫస్ట్.

ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు మనసును దాటించడం మొదట్లో చాలామందికి రాదు. దానికి ఇంట్లో చేయగలిగిన సాధన ఒకటి ఉంది. బట్టల సబ్బు బిళ్లను చాకుతో మెట్టు మెట్టుగా, ఒక పక్క ఏటవాలుగా, మధ్యలో ఒక రంధ్రంతో కోయండి. దాన్ని ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి చూసి మూడు బొమ్మలు గీయండి. కనబడే అంచులకు లావు నిండు గీత, వెనక దాగిన అంచులకు తెంపుల గీత, రంధ్రం నడుముకు పొడుగూ పొట్టీగా సాగే సన్నని గీత. మరుసటి రోజు తిరగేయండి: ఎవరో గీసిన మూడు బొమ్మలు తీసుకుని సబ్బును దానికి తగ్గట్టు కోయండి. చేతిలో సబ్బు ఆకారం కాగితంతో సరిపోయిన రోజు మీకు ఎలివేషను (ముందు నుంచి చూసిన బొమ్మ), ప్లాను (పై నుంచి చూసిన బొమ్మ) అనే మాటల భయం పోతుంది. పది పన్నెండు సబ్బులు ఖర్చవుతాయి, ఇంట్లో బట్టలకు ఆ ముక్కలు ఎలాగూ పనికివస్తాయి. అలాగే ముప్ఫై డిగ్రీల ఏటవాలు గీతలతో వేసే ఐసోమెట్రిక్ బొమ్మ కూడా వీలున్నప్పుడు గీస్తూ ఉండండి, యజమానికో కస్టమరుకో మాట వివరించడానికి అది పనికివస్తుంది గాని తయారీకి మాత్రం మూడు బొమ్మల డ్రాయింగే ఆధారం.

ఇప్పుడు మిమ్మల్ని మల్లవల్లిలో ఇరుకున పెట్టిన అసలు ప్రశ్నకు, అంటే ఎంత తేడా ఒప్పుకుంటారన్నదానికి వద్దాం. ఒక బుష్ రంధ్రం దగ్గర వ్యాసం గుర్తు, 25, పక్కన పెద్ద అక్షరంలో హెచ్, ఆపైన 7 అని ఉంటుంది. అందులో కూర్చునే షాఫ్టు దగ్గర 25, చిన్న అక్షరంలో జి, ఆపైన 6 అని ఉంటుంది. పెద్ద అక్షరం ఎప్పుడూ రంధ్రానికి, చిన్న అక్షరం ఎప్పుడూ షాఫ్టుకు. అక్షరం ఆ కొలత అసలు 25 నుంచి ఎంత దూరంలో మొదలవుతుందో చెబుతుంది, అంకె ఆ తేడా ఎంత వెడల్పు ఉండవచ్చో చెబుతుంది. పట్టిక తెరిస్తే ఆ రంధ్రం 25.000 నుంచి 25.021 వరకు, ఆ షాఫ్టు 24.980 నుంచి 24.993 వరకు ఉండవచ్చని తేలుతుంది. అంటే రెండింటి మధ్య సందు తక్కువలో తక్కువ 0.007, ఎక్కువలో ఎక్కువ 0.041. నూనె పొర నిలిచి, చేతితో నెడితే జారే ఫిట్టు అది. మీరు ఇన్నాళ్లూ ‘స్లైడింగుగా ఉండాలి’ అని నోటితో చెప్పుకుని వేళ్లతో చూసుకున్నదే ఇక్కడ అంకెల్లో రాశారు. ఈ పట్టిక మన దేశంలో ఐ.ఎస్. 919 అనే ప్రమాణంలో ఉంది, అంతర్జాతీయంగా ఐ.ఎస్.ఓ. 286లో ఉంది. బట్టీ పట్టనవసరం లేదు, గోడకు అంటించుకుంటే చాలు.

దీనితో ముడిపడిన ఒక ఇబ్బంది మీ షాపులో తప్పకుండా ఎదురవుతుంది. ఆ షాఫ్టుకు ఒప్పుకున్న తేడా మొత్తం 0.013 మిల్లీమీటర్లు. మీ వెర్నియరు 0.02 కంటే చిన్న తేడాను చూపించలేదు. మామూలు మైక్రోమీటరు 0.01 వరకు చూపిస్తుంది, అంటే మొత్తం టాలరెన్సు దాని మీద ఒక గీతకు కాస్త ఎక్కువ మాత్రమే. అటువంటి కొలతను ఆ పరికరాలతో ‘సరిపోయింది’ అని చెప్పడం సాహసం. 0.001 చదివే మైక్రోమీటరో, దానికి తగిన గేజో ఉండాలి. డ్రాయింగు చదివేటప్పుడే ఈ కొలతను దేనితో చూడాలి అని పక్కన రాసుకునే అలవాటు ఉన్నవాడిని ఏ తనిఖీ విభాగమైనా వెంటనే గుర్తిస్తుంది.

తేడా రాయని కొలతలకు కూడా తేడా ఉంటుందన్న సంగతి చాలామంది టర్నర్లకు తెలియదు. టైటిల్ బ్లాకులో ఐ.ఎస్. 2102 మీడియం అని గాని ఐ.ఎస్.ఓ. 2768 ఎం అని గాని రాసి ఉంటే, 6 దాటి 30 వరకు ఉన్న కొలతకు అటూ ఇటూ 0.2, 30 దాటి 120 వరకు 0.3, 120 దాటి 400 వరకు 0.5 ఒప్పుకుంటారు. ఈ సంగతి తెలియక అక్కర్లేని చోట వెంట్రుకవాసి తేడా కోసం గంట సేపు తంటాలు పడేవారూ ఉన్నారు, కావలసిన చోట వదిలేసేవారూ ఉన్నారు. ఏ కొలత మీద శ్రమ పెట్టాలో, ఏ కొలతను త్వరగా ముగించవచ్చో డ్రాయింగే చెబుతుంది. షాపుకు డబ్బు మిగిలేది కూడా అక్కడే.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. ఉపరితలం నునుపును ఆర్.ఎ. విలువతో చూపిస్తారు: లేతు మీద మామూలుగా 3.2, శ్రద్ధగా తిప్పితే 1.6 వస్తాయి, 0.8 కావాలంటే చాలా సందర్భాల్లో గ్రైండింగు చూసుకోవాలి. పాత డ్రాయింగుల్లో ఇదే సంగతిని త్రిభుజాల గుర్తులతో చూపేవారు. ఎం10 మర అంటే పిచ్ (మర చుట్ల మధ్య దూరం) ప్రత్యేకంగా రాయకపోతే 1.5 అని, దానికి డ్రిల్లు 8.5 అని మీకు ఇప్పటికే తెలిసి ఉంటుంది. పెట్టెల్లో గీసిన చిన్న చిన్న గుర్తులు — నిటారుగా ఉండాలి, ఏకకేంద్రంగా ఉండాలి, తిరిగేటప్పుడు ఊగకూడదు అని చెప్పేవి — మొదటి మూడు నెలలు పక్కన పెట్టండి, ఒక్క రనౌట్ తప్ప. సెంటర్ల మధ్య షాఫ్టు పెట్టి డయల్ ఆనించి ఔట్ చూడటం మీకు రోజూ ఉన్న పనే. ఆ పనికే కాగితం మీద ఒక బాణం గుర్తు ఉందని తెలుసుకుంటే సరిపోతుంది.

ఇంగ్లీషు గురించి మీరు పడుతున్న దిగులు అనవసరం. డ్రాయింగు మీద వాక్యాలు ఉండవు, ముక్క మాటలు ఉంటాయి, అవి కూడా దాదాపు వంద. థ్రూ అంటే అవతలి వైపుకు బయటపడే రంధ్రం. టి.వై.పి. అని మూడక్షరాలు ఉంటే టిపికల్, అంటే ఇలాంటివన్నీ ఇదే కొలత. పి.సి.డి. అంటే రంధ్రాల నడుములన్నీ ఏ వలయం మీద ఉన్నాయో దాని వ్యాసం. సి.ఎస్.కె. అంటే స్క్రూ తల మునిగేలా శంకువు ఆకారంలో వెడల్పు చేయడం. వీటిని నోటుపుస్తకం చివరి పేజీల్లో తెలుగు వివరణతో, పక్కన చిన్న బొమ్మతో రాసుకోండి. రోజుకు మూడు రాసుకున్నా రెండు నెలల్లో మీ నిఘంటువు మీరే తయారుచేసుకున్నవారవుతారు.

ఇక కంప్యూటరు. మూడు నెలల తర్వాత మీ దగ్గర స్వయంగా గీసిన నలభై యాభై స్కెచ్‌లు ఉంటాయి. వాటిలో పది తీసుకుని సెంటరుకు వెళ్లండి. సెంటరు వారు నేర్పే అభ్యాసాల పుస్తకం కంటే మీ షాఫ్టును, మీ పుల్లీని గీయడం వల్ల ఎక్కువ వస్తుంది. డబ్బు కట్టే ముందు వారిని కొన్ని ప్రశ్నలు అడగండి. నేర్పేవారు ఎప్పుడైనా వర్క్‌షాపులో పనిచేశారా? టాలరెన్సులు, సెక్షన్ బొమ్మలు (వస్తువును కోసినట్టు లోపలి భాగం చూపేవి), ఉపరితల గుర్తులు పెట్టడం నేర్పుతారా లేక గీతలు గీయించి వదిలేస్తారా? సరైన స్కేలులో ఎ3 కాగితం మీద ప్రింటు తీయించి దిద్దుతారా? భవన నిర్మాణం ప్లాన్లు గీసేవారికీ యంత్రభాగాలు గీసేవారికీ ఒకే తరగతి పెడుతున్నారా? చివరి ప్రశ్నకు అవునని జవాబు వస్తే నేనైతే చేరను.

డబ్బు కట్టకుండానే ఇంట్లో మొదలుపెట్టే దారి కూడా ఉంది. లిబ్రెక్యాడ్ అనే ఉచిత ప్రోగ్రాములో కాగితం మీది లాంటి చదును (2డి) డ్రాయింగు, ఫ్రీక్యాడ్ అనే ఉచిత ప్రోగ్రాములో ఘనరూపం గీయవచ్చు, పాత కంప్యూటరైనా చాలావరకు సరిపోతుంది. కమాండ్ల పేర్లు ఒక ప్రోగ్రాముకూ ఇంకోదానికీ మారతాయి గాని ఆలోచన మారదు. సాలిడ్‌వర్క్స్ లాంటి వాటిలో ముందు ఒక స్కెచ్ గీసి, ఈ గీత ఆ గీతకు సమాంతరం, ఈ వలయం ఆ వలయంతో ఏకకేంద్రం అని సంబంధాలు కట్టి, తర్వాత దాన్ని పొడిగించి ఘనరూపం చేస్తారు. 1963లో ఐవన్ సదర్లాండ్ అమెరికాలోని ఎం.ఐ.టి.లో చేసిన స్కెచ్‌ప్యాడ్‌లోనే గీతల మధ్య ఇలా సంబంధాలు కట్టే పద్ధతి ఉంది. కాగితం మీద డేటమ్ ఎంచుకోవడం వచ్చినవాడికి ఈ సంబంధాలు కట్టడం సులువుగా వస్తుంది, రానివాడి మోడలు ఒక కొలత మార్చగానే చిందరవందర అవుతుంది.

ఆటోక్యాడ్‌లో మొదటి రోజు నుంచీ కొన్ని అలవాట్లు చేసుకోండి. వస్తువును ఎప్పుడూ అసలు కొలతలోనే గీయాలి, చిన్నది పెద్దది చేయడం ప్రింటు తీసేటప్పటి పని. నిండు గీతలు, దాగిన గీతలు, నడుమ గీతలు, కొలతలు వేరువేరు లేయర్లలో ఉంచాలి. అన్నిటికంటే ముఖ్యంగా, గీసిన కొలత 49.7 వస్తే దాని మీద 50 అని అక్షరాలు టైపు చేసి సరిపెట్టవద్దు. కాగితం మీద అది 50గానే కనబడుతుంది గాని, ఆ ఫైలును డి.ఎక్స్.ఎఫ్. అనే, కటింగు యంత్రాలకు పంపే రూపంలోకి మార్చి లేజరు కటింగు షాపుకు పంపితే యంత్రం గీతను అనుసరిస్తుంది, మీరు టైపు చేసిన అంకెను చదవదు, దానివల్ల 49.7 ముక్కే చేతికి వస్తుంది. మిర్రర్ కమాండుతో కూడా జాగ్రత్త, నా పన్నెండు బ్రాకెట్లు కంప్యూటరు లేని రోజుల్లోనే తలకిందులయ్యాయి, ఇప్పుడైతే ఒక్క నొక్కుతో అవుతాయి. తెర మీద కనబడే ఎనిమిది దశాంశ స్థానాలను చూసి మురిసిపోవద్దు, మీ లేతు వాటిని చూడదు.

సి.ఎన్.సి. యూనిట్‌లో చేరాలన్నదే మీ కోరిక కాబట్టి ఇంకో సంగతి. అక్కడ ప్రోగ్రాము రాసేవారు డ్రాయింగులో 25 జి6 చూసి 25 అని టైపు చేయరు. 24.980కి, 24.993కి దాదాపు మధ్య బిందువు అయిన 24.987 దగ్గర గురిపెడతారు, టూలు కాస్త అరిగినా వేడికి కాస్త పెరిగినా కొలత హద్దుల్లోనే ఉండాలని. లేతు ప్రోగ్రాములో ఎక్స్ అంకె మామూలుగా వ్యాసాన్ని చెబుతుంది, వ్యాసార్ధాన్ని కాదు. ఈ రెండు ముక్కలు తెలిసి ఉంటే ప్రోగ్రామింగు నేర్చుకునేటప్పుడు మీరు తోటివారికంటే ఒక అడుగు ముందే ఉంటారు.

సర్టిఫికెట్ విలువ కావాలనుకుంటే ప్రైవేటు సెంటరు ఒక్కటే దారి కాదు. హైదరాబాదు బాలానగర్‌లో 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ కేంద్ర ప్రభుత్వ సంస్థ, దానికి విజయవాడలో కూడా శాఖ ఉంది. క్యాడ్ (కంప్యూటరుతో గీయడం), క్యామ్ (కంప్యూటరు సాయంతో తయారుచేయడం), సి.ఎన్.సి. స్వల్పకాలిక కోర్సులు అక్కడ ఏవి, ఎప్పుడు మొదలవుతాయో, ఫీజు ఎంతో ఒక పూట సెలవు పెట్టి స్వయంగా వెళ్లి అడిగి రండి. ఐ.టి.ఐ.లో డ్రాఫ్ట్స్‌మన్ మెకానికల్ అనే రెండేళ్ల ట్రేడు కూడా ఉంది గాని, పని మానుకుని రెండేళ్లు కూర్చోవడం మీ పరిస్థితిలో నేను సిఫారసు చేయను.

మీ యజమాని మాటను మనసులో పెట్టుకోకండి. ఆయన కూడా కస్టమరుతో మాట్లాడేటప్పుడు సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీసే ఉంటారు, అదీ స్కెచ్చే. మీ నోటుపుస్తకంలో ఫలానా మిల్లు షాఫ్టు కొలతలు తేదీతో సహా భద్రంగా ఉన్నాయని, ఆరు నెలల తర్వాత అదే మిల్లువారు మళ్లీ వస్తే ముక్క తేకుండానే ఫోనులో ఆర్డరు తీసుకోవచ్చని ఒకసారి ఆయనకు చూపించండి. అక్కడ ఉద్యోగం వదలనవసరం కూడా లేదు, కనీసం ఈ ఆరు నెలలు వదలవద్దు.

మళ్లీ ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ఆ నోటుపుస్తకాన్ని వెంట తీసుకెళ్లండి. డ్రాయింగు చేతికి ఇచ్చాక వెంటనే జవాబు చెప్పాలని తొందరపడకుండా రెండు నిమిషాలు గడువు అడగండి. టైటిల్ బ్లాకు చదివి, శంకువు గుర్తు చూసి, వారు అడిగిన రంధ్రం మీద ఒక వేలు పెట్టి, అదే రంధ్రం మిగిలిన రెండు బొమ్మల్లో ఎక్కడుందో రెండో వేలితో వెతకండి. లోతు మామూలుగా సెక్షన్ బొమ్మలో దొరుకుతుంది, లేకపోతే రంధ్రం పక్కన రాసిన గమనికలో ఉంటుంది. తేడా ఎంతో అంకె పక్కన లేకపోతే టైటిల్ బ్లాకులో ఉన్న సాధారణ టాలరెన్సు చెప్పండి. అక్కడా లేకపోతే, ఈ డ్రాయింగులో ఆ వివరం లేదు, గీసినవారిని అడిగి చేస్తాను అని చెప్పండి. నా దగ్గరకు వచ్చిన కుర్రవాళ్లలో ఆ మాట అన్నవాడిని నేను ఒక్కసారి కూడా వెనక్కి పంపలేదు.